ఆరు నెలలు దాటాయని ఆ చేతిని వదిలేయకండి

నిన్న స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన మనిషి ఉన్న ఇంకో ఇంట్లో అదే మాట విన్నాను. "నడుస్తున్నాడు కదా, అదే చాలు, చెయ్యి ఇంక రాదులే" అని. అప్పటి నుంచి మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నా.

మా నాయనకు స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలు మూడు నెలలకు కాస్త నిలదొక్కుకుంది. చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలోకి దిగి, రోజూ ఒక్కో వేలూ విప్పి తడిగుడ్డతో తుడవాల్సి వచ్చేది. ఆరో నెలలో ఒక డాక్టరు సరిగ్గా పట్టుకుని కూడా చూడకుండా "ఇంతే అనుకోండి" అన్నాడు. చుట్టాలేమో పావురం రక్తం రుద్దమన్నారు.

తర్వాత ఒక ఫిజియో అమ్మాయి ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్ మిషన్ తెచ్చింది, అంటే కండలో పుట్టే సిగ్నల్‌ను మనకు చూపించే మిషన్. ముంజేతి మీద మూడు స్టిక్కర్లు అంటించి, "పెద్దనాయనా, మణికట్టు పైకెత్తండి" అంది. చెయ్యి ఇసుమంత కూడా కదల్లేదు. కానీ స్క్రీన్ మీద గీత లేచింది! నాయన నా వైపు తిరిగి "అది నేనేనా?" అన్నాడు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ లేచింది.

దీన్ని మా వీధిలో "కరెంటు పెట్టడం" అంటున్నారు. కాదండీ, అది వేరే మిషన్. ఇది ఒంట్లోకి ఏమీ పంపదు. కండ పని చేయబోతే అందులో పుట్టే అతి సన్నటి, మైక్రోవోల్టుల కరెంటును చర్మం మీద నుంచే పట్టుకుని గీతగానో చప్పుడుగానో చూపిస్తుంది, అంతే. స్ట్రోక్ గట్టిగా తగిలినవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంటుంది: భుజం ఎత్తబోతే మోచెయ్యి దానంతటదే ముడుచుకుని ఛాతీ మీదకు వచ్చేస్తుంది, ఎందుకంటే రెండు కండలూ కలిసే లాగుతాయి. ఆ జతను విడగొట్టడానికే అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ డాక్టర్ మార్క్ స్లుట్స్‌కీ బృందం కండల సిగ్నళ్లతో ఆడే కంప్యూటర్ ఆట తయారుచేసింది. దాన్ని ప్రయత్నించింది ఎవరితో అనుకున్నారు, స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లతోనే! మరి మనకెందుకు ఆరు నెలలకే తలుపు మూసేస్తున్నారు?

ఈ మిషన్‌తో చేసే సాధన ఇంట్లోనే జరగాలి. కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి బస్సులో తీసుకెళ్లి, క్యూలో కూర్చోబెట్టి, ఇరవై నిమిషాలు చేయించి తీసుకొచ్చేసరికి పూటంతా పోతుంది, మనిషి సొమ్మసిల్లిపోతాడు. మెదడు కొత్త దారి వేసుకోవాలంటే ఒకే కదలికను రోజూ వందలసార్లు ప్రయత్నించాలి. మేం పొద్దున టిఫిన్‌కు ముందు, సాయంత్రం దీపం పెట్టాక చేయించాం. ఎండాకాలం చెమటకు స్టిక్కర్ ఊడి గీత పిచ్చిగా ఊగేది, ఫ్యాన్ కింద చెయ్యి తుడిచి మళ్లీ అంటించేవాళ్లం.

అద్భుతం జరిగిందని చెప్పను. నాయన ఇప్పటికీ ఆ చేత్తో గ్లాసు ఎత్తలేడు. కానీ చొక్కా చెయ్యి తొడిగేటప్పుడు అరవడం లేదు, అరచెయ్యి కడగడానికి తనే తెరుస్తున్నాడు, మొన్న శెనక్కాయ ఎడమ చేతి వేళ్ల మధ్య ఆపి కుడి చేత్తో ఒలిచాడు. ఒక్కటే ఒలిచాడు. అమ్మ ఆ గింజలు నోట్లో వేసుకోకుండా దేవుడి దగ్గర పెట్టింది.

ప్రతి మండలంలో సర్కారు ఆసుపత్రికి ఇలాంటివి రెండు మిషన్లిచ్చి, లైబ్రరీ పుస్తకాల్లా ఇంటికి పంపితే ఏం పోతుంది? వారానికోసారి ఫిజియో ఫోన్‌లో చూసినా చాలు. డబ్బులు పెట్టి కొనగలిగినవాళ్ల చెయ్యే చెయ్యా?

మీ ఇంట్లో ఎవరికోసమో కొని ఇప్పుడు బీరువా మీద పడేసిన మిషన్ ఉంటే దయచేసి నాకు చెప్పండి. ఉరవకొండలో ఒకామె భర్త కోసం అడుగుతోంది, ఆయనకు స్ట్రోక్ వచ్చి ఇది ఏడో నెల.