టర్బో కారుకి స్టీల్ జాలీ ఆయిల్ ఫిల్టర్ ఎందుకు వద్దంటున్నానంటే

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కార్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: స్పోర్ట్స్ కారో టర్బో పెట్రోలు కారో ఉన్నవాళ్లు కంపెనీ ఇచ్చే కాగితం ఫిల్టర్ పీకేసి, కడిగి మళ్లీ మళ్లీ వాడుకునే స్టీల్ జాలీ 'రేసింగ్' ఫిల్టర్ వేసుకోవాలట. దాంతో ఆయిల్ ఎక్కువ పారి పవర్ పెరుగుతుందట. థ్రెడ్ (బిగించే మర) కలిస్తే ఏ ఫిల్టరైనా పర్వాలేదట, ఎంత పెద్దదైతే అంత మంచిదట. ఫుల్ సింథటిక్ ఆయిల్ పోస్తే రెండు సర్వీసులకి ఒకసారి ఫిల్టర్ మారిస్తే చాలట. ఇది చదివి కొందరు కుర్రాళ్లు అప్పుడే ఆర్డర్లు కూడా పెట్టేశారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు పవర్ సంగతి. ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పుకునే మాటల్ని తెచ్చి ఆయిల్ ఫిల్టర్‌కి అంటగట్టారు, అంతే. ఆయిల్ పంపు ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి చుట్టుకి ఇంత అని ఆయిల్ నెడుతుంది, ప్రెజర్ మరీ పెరిగితే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకోనంతవరకు అది నెట్టినదంతా ఇంజిన్‌లోకే పోవాలి, ఇంకో దారి లేదు. ఫిల్టర్ కొంచెం ఎక్కువ అడ్డుపడితే పంపు కొంచెం ఎక్కువ తోస్తుంది తప్ప బేరింగులకి ఆయిల్ తగ్గిపోదు. ఈ కాలపు ఇంజిన్లలో చాలావాటికి ఫిల్టర్ దాటాక ఉండే ప్రెజర్ చూసుకుంటూ పంపునే సర్దుబాటు చేసే ఏర్పాటు ఉంటుంది. పైగా వేడెక్కిన ఆయిల్ శుభ్రంగా ఉన్న మంచి ఫిల్టర్‌లోంచి పోతున్నప్పుడు పడే ప్రెజర్ తేడా చాలా తక్కువ, దాన్ని తీసేసి హార్స్ పవర్ సంపాదిస్తామంటే నవ్వొస్తుంది.

అసలు విషయం జాలీలోనే ఉంది. మార్కెట్లో దొరికే స్టీల్ జాలీ ఫిల్టర్ల రంధ్రాలు ఎక్కువగా 30 నుంచి 45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటాయి. ఇంజిన్ బేరింగుని అరగదీసే మట్టి, కార్బన్, లోహపు పొడి అంతకంటే చాలా సన్నం, ఎక్కువ నష్టం చేసేది సుమారు 5 నుంచి 20 మైక్రాన్ల ముక్కలే. లోడు మీద తిరుగుతున్న బేరింగులో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లకి పడిపోతుంది, సరిగ్గా ఆ సందులోకి దూరి గీసేవి ఇవే. ఉప్మారవ్వ జల్లించే జల్లెడలో మైదా ఆగుతుందా? సన్నటి గాజు పోగులతో, సింథటిక్ పోగులతో చేసిన మంచి ఫిల్టర్ 20 మైక్రాన్ల ముక్కల్లో 99 శాతం పట్టేస్తుంది. అది కూడా ఊరికే డబ్బా మీద అచ్చేసిన ముక్క కాకుండా, ఐఎస్ఓ 4548-12 అనే పద్ధతిలో మట్టి కలిపిన ఆయిల్‌ని తిప్పి తిప్పి చూసి చెప్పిన లెక్క అయి ఉండాలి. 'మాది 20 మైక్రాన్ల ఫిల్టర్' అని మాత్రమే చెప్పి ఎంత శాతమో చెప్పకపోతే ఆ మాటకి విలువ లేదు, సగం పట్టి సగం వదిలేసేదాన్ని కూడా అలాగే అమ్మొచ్చు.

ఇంతకీ రేసు కార్లలో జాలీ ఎందుకు వాడతారంటే, రేసు కాగానే ఆయిల్ మార్చి, జాలీ విప్పి, అందులో ఏ లోహం పడిందో చూస్తారు. అల్యూమినియం పొడా, బేరింగు రేకా అని చూసి ఇంజిన్ విప్పాలో వద్దో తేల్చుకుంటారు. ఆ ఇంజిన్ ఎలాగూ ఎప్పటికప్పుడు విప్పి బాగుచేసేదే. మీ వర్టస్ జీటీనో, ఐ20 ఎన్ లైనో, ఆక్టేవియా ఆర్ఎస్ఓ లక్ష కిలోమీటర్లు దాటాక కూడా ఇంజిన్ విప్పి బోరు చేయించే పని రాకుండా తిరగాలని మీరు కోరుకుంటారు. రెండు అవసరాలూ ఒకటి కావు.

కడగడం గురించి ఎక్కువ చెప్పను. షెడ్డులో డబ్బాలో ఉన్న పాత కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పీచునే ఇంజిన్‌లోకి పంపించే పని అది.

'థ్రెడ్ కలిస్తే చాలు' అన్న మాటైతే నిజంగా ప్రమాదం. ఎం20x1.5 థ్రెడ్ ఎన్నో రకాల కార్లకి ఉంటుంది, బిగించడానికి అన్నీ బిగుస్తాయి. కానీ డబ్బా లోపల ఒక బైపాస్ వాల్వ్ ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా ఇంజిన్ ఎండిపోకుండా వడగట్టని ఆయిల్‌నే నేరుగా పంపించేది అదే. అది ఎంత ప్రెజర్ తేడా దగ్గర తెరుచుకోవాలో ఇంజిన్ చేసినవాళ్లు నిర్ణయిస్తారు. మామూలు ఫిల్టర్లలో చాలావాటికి 10-15 పీఎస్ఐ (టైరు గాలికి చెప్పే ప్రెజర్ లెక్కే) దగ్గర తెరుచుకుంటుంది. సుబారు డబ్ల్యుఆర్ఎక్స్ అనే జపాన్ టర్బో కారు మన దేశంలో అమ్మలేదు గానీ ఉదాహరణకి బాగుంటుంది, దాని ఈజే ఇంజిన్ పంపు పెద్దది, కంపెనీ ఫిల్టర్ బైపాస్ సుమారు 23 పీఎస్ఐ. దానికి మామూలు ఫిల్టర్ పెట్టి కాలు గట్టిగా తొక్కితే ఆ బైపాస్ తొందరగా తెరుచుకుని మురికి ఆయిల్ సరాసరి బేరింగులకి పోయే వీలుంది. ఇంకొన్ని ఇంజిన్లలో బైపాస్ ఇంజిన్ బ్లాకులోనే ఉంటుంది, ఫిల్టర్‌లో అసలు ఉండదు. బయటి నుంచి చూస్తే ఇవేవీ తెలియవు.

రెండోది యాంటీ డ్రెయిన్ వాల్వ్, ఫిల్టర్ నోటి దగ్గర కనిపించే రబ్బరు గొడుగు లాంటిది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో ఉన్న ఇంజిన్లలో బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఇది పట్టుకుంటుంది. చవక ఫిల్టర్లలో నైట్రైల్ రబ్బరు వేస్తారు, వేడికి గట్టిపడి మూత సరిగ్గా పడదు. సిలికాన్ అయితే మెత్తగానే ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు గలగలమంటోందంటే ముందు చూడాల్సినవాటిలో ఇదొకటి. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది కాబట్టి దానికి ఆయిల్ ఆలస్యంగా అందితే తట్టుకోదు. వాల్వులు రెండూ సరిపోయినా గ్యాస్కెట్ (ఫిల్టర్ ఇంజిన్‌కి ఆనేచోట ఉండే రబ్బరు రింగు) వ్యాసం తేడా ఉంటే హైవే మీద ఊడి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది.

పెద్ద ఫిల్టర్ విషయంలో కొంచెం నిజముంది, కాదనను. అదే బైపాస్, అదే గ్యాస్కెట్ ఉన్న పొడవు డబ్బా దొరికితే కాస్త ఎక్కువ మురికి పట్టుకుంటుంది. అయితే మన ఊళ్లలో ఒక్కో స్పీడ్ బ్రేకర్ ఒక్కో కొండ, ఆయిల్ చాంబర్ కంటే కిందికి వేలాడే డబ్బా పెట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా.

యూట్యూబ్ విదేశీ వీడియోల్లో చెప్పే ఇంకో భయం కూడా ఆ ఫార్వర్డ్‌లో దూరింది, సన్నటి రంధ్రాల ఫిల్టర్ అయితే చలికి ఆయిల్ దూరక బైపాస్ తెరుచుకుంటుందని. మంచు పడే చోట ఆ మాట చెల్లుతుంది. నెల్లూరులో సంక్రాంతికి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది, 5డబ్ల్యూ-30 ఆయిల్‌కి అదొక చలా?

ఇక రెండు సర్వీసులకి ఒక ఫిల్టర్. ఆయిల్ సింథటిక్ అయితే ఆయిల్ తొందరగా చెడదు, నిజమే, దానివల్ల ఫిల్టర్‌లో మురికి చేరడం ఆగదు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) టర్బో పెట్రోలు ఇంజిన్లు సన్నటి మసి బాగా వదులుతాయి. నెల్లూరులో ట్రంకు రోడ్డు నుంచి మినీ బైపాస్ రోడ్డు దాకా రోజూ చిన్న చిన్న తిరుగుళ్లు తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు, ఆయిల్‌లో పెట్రోలు కూడా కలుస్తుంది. చీమకుర్తి క్వారీల వైపు రోజూ తిరిగేవాళ్లకైతే రాతి దుమ్ము, ఎయిర్ ఫిల్టర్ డబ్బా సరిగ్గా మూయకపోతే అది చివరికి చేరేది ఆయిల్‌లోకే. దానికి తోడు రోహిణి కార్తె ఎండల్లో హైవే మీద లాగించడం. కొత్త ఆయిల్ పోసి పాత ఫిల్టర్ ఉంచితే అందులో మిగిలిన నల్ల ఆయిల్ కొత్తదాంట్లో కలుస్తుంది. వేల రూపాయలు పెట్టి ఆయిల్ పోయించేవాళ్లు కొన్ని వందల దగ్గర ఎందుకు బేరమాడతారో నాకు అర్థం కాదు.

మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కి కారు తీసుకెళ్లేవాళ్లు మనవైపు కూడా ఉన్నారు. వాళ్ల లెక్క వేరు. ట్రాక్ రోజు అయ్యాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. తీసిన ఫిల్టర్ పారేయకుండా డబ్బా కోయించి మడతలు విప్పి చూడండి, మెరిసే పొడి కనిపిస్తే మెకానిక్‌కి చూపించండి. అయస్కాంతం పెట్టాను కదా అని ఊరుకోవద్దు, దానికి ఇనుము అంటుకుంటుంది గానీ బేరింగుల్లోని అల్యూమినియం, తగరం, రాగి అంటుకోవు.

మరి ఏది కొనాలంటే, కారు మాన్యువల్లో ఉన్న పార్ట్ నంబరు, లేదా చాసిస్ నంబరు చెప్పి తీసుకున్నది. వేరే బ్రాండే కావాలంటే ఆ పార్ట్ నంబరుకి సరిపోతుందని వాళ్ల కేటలాగులో రాసి ఉన్నది. ఆటోనగర్‌లో కొంటే బిల్లు అడగండి, నకిలీ డబ్బాలు బాగానే తిరుగుతున్నాయి. బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడమనండి, ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ కక్కేస్తుంది. కొత్త గ్యాస్కెట్‌కి కాస్త ఆయిల్ రాసి, అది ఇంజిన్‌కి ఆనాక చేత్తోనే సుమారు ముప్పావు చుట్టు తిప్పాలి, డబ్బా మీద వేరే లెక్క ఉంటే అది. బీఎండబ్ల్యూల్లో లాగా ప్లాస్టిక్ మూత కింద కాట్రిడ్జ్ (డబ్బా లేని ఫిల్టర్) ఉంటే మూత మీదే 25 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, ఎంత గట్టిగా బిగించాలో చెప్పే లెక్క) అని అచ్చేసి ఉంటుంది, టార్క్ రెంచ్ లేని షెడ్డులో దాన్ని బిగించనివ్వకండి, ఫిల్టర్‌తో పాటు వచ్చే కొత్త ఓ రింగులు కూడా వేయించండి.