కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్: వ్యాసంలో తక్కువగా చెప్పిన సంగతి

కోయంబత్తూరులోని నూలు మిల్లుల సంస్థ లక్ష్మీ మిల్స్ గురించి మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. ఆ సంస్థ ఎదుగుదలకు కుటుంబ క్రమశిక్షణే మూలమని వ్యాసకర్త రాశారు. అందులో నిజం లేకపోలేదు కానీ, 1930ల ఆరంభంలో నీలగిరుల్లోని పైకారా నది నుంచి జలవిద్యుత్తు అందకపోయి ఉంటే, చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి ఎంత పండినా కోయంబత్తూరులో అన్ని నూలు మిల్లులు నిలదొక్కుకునేవి కావని నా అభిప్రాయం. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన ఈ సంస్థ, తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు నాయుళ్లది కావడం మనకు సంతోషం కలిగించే విషయం. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది 1962 నాటి నిర్ణయం. దిగుమతులకు విదేశీ మారకద్రవ్యం కటకటగా ఉన్న ఆ రోజుల్లో, కుప్పుస్వామి నాయుడి కుమారుడు జి.కె. దేవరాజులు స్విట్జర్లాండుకు చెందిన జౌళి యంత్రాల కంపెనీ రీటర్ సహకారంతో లక్ష్మీ మెషీన్ వర్క్స్ నెలకొల్పి, నూలు వడికే రింగు ఫ్రేముల వంటి యంత్రాలను ఇక్కడే తయారు చేయించారు. తాము కొనవలసిన యంత్రాలనే సాటి మిల్లులకు అమ్మే స్థాయికి చేరడం సామాన్యం కాదు. వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే దక్కింది. దయచేసి ఈ భాగాన్ని విడిగా, వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.