విజన్ ఫ్లెక్సీ ముందే కొట్టించేసి మమ్మల్ని ఎందుకు పిలిచినట్టు?

మొన్న శనివారం ఇక్కడ వైజాగ్‌లో మావాడి ప్రైవేట్ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లొచ్చాను, అప్పట్నుంచి ఒళ్లు మండిపోతోంది, ఇక్కడ కక్కేస్తే గానీ తగ్గేలా లేదు. "మన స్కూల్ భవిష్యత్తు మనందరం కలిసి రాసుకుందాం" అని వారం రోజులు వాట్సాప్‌లో ఊదరగొట్టారు. తీరా వెళ్తే స్టేజి వెనకాల 'విజన్ 2030' అని గోడంత ఫ్లెక్సీ, ఐదు పాయింట్లు, మూలన ఓ రాకెట్ బొమ్మ. ఇంకా కలిసి రాసేదేటండీ, మీరు రాసీసి, ప్రింటుకిచ్చీసి, తాళ్లు కూడా కట్టీసారు కదా!

గంటన్నర పీపీటీ. తర్వాత ఒక క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే ఫామ్, "పై విజన్‌తో మీరు ఎంతవరకు ఏకీభవిస్తున్నారు" అని ఐదు స్టార్లు. అసలు మాకేం కావాలి అన్న ప్రశ్న ఎక్కడా లేదు. వెనక వరసలోంచి ఒక తాతగారు లేచి "తెలుగుకి వారానికి రెండు పీరియడ్లేంటమ్మా, మా మనవడు నా పేరు రాయలేకపోతున్నాడు" అన్నారు. "గుడ్ పాయింట్ సర్, నోట్ చేసుకుంటున్నాం" అన్నారు మేడమ్. స్టేజి మీద నలుగురున్నారు, ఒక్కరి చేతిలోనూ పెన్ను లేదు.

అయితే తప్పంతా వాళ్లదే అందామంటే నాకే నోరు రాదు. మైకు మా చేతికొచ్చాక మేం ఏం అడిగాం? ఒకాయన ఐఐటీ ఫౌండేషన్ ఆరో క్లాసు నుంచే ఎందుకు పెట్టట్లేదు అన్నాడు, చప్పట్లు. ఇంకొకావిడ పక్క స్కూల్లో రోబోటిక్స్ ఉంది మనకెందుకు లేదంది. నేను? బస్సు పావుగంట లేటుగా వస్తోందని కంప్లైంట్ చేసి కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. పిల్లాడు ఏం నేర్చుకోవాలో చెప్పమంటే నాకు గుర్తొచ్చింది బస్సు!

ఇంకో సంగతి, మనలో చాలామందికి తెలీదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, స్కూల్ అభివృద్ధి ప్లాన్ తయారు చేయాల్సింది కూడా ఆ కమిటీయే. కానీ సర్కారు నుంచి రూపాయి కూడా తీసుకోని ప్రైవేట్ స్కూళ్లకి ఆ సెక్షన్ వర్తించదు. అంటే లక్షలు కట్టే నాకంటే, ఫీజే లేని బడిలో కూర్చున్న తల్లికి కాగితం మీద ఎక్కువ హక్కుందన్నమాట. కాగితం మీద అని ఎందుకంటున్నానంటే ఆ కమిటీలు కూడా చాలాచోట్ల సంతకాల కమిటీలే, అది వేరే ఏడుపు. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ అంతా సర్కారు బళ్లలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు గుర్తుందా, ఫోటోల హడావిడి ఎంతైనా ఉండనీండి, హెడ్మాస్టర్ ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాం అని చాలామంది తల్లులకి అనిపించింది.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, జాలర్లుండే జాలారిపేట పిల్లలొచ్చే మున్సిపల్ స్కూల్లో లెక్కల టీచర్. కమిటీ మీటింగ్ పెడితే ఎవరూ రావట్లేదని మొదట్లో తెగ తిట్టుకునేది. సెలవు కదా అని ఆదివారం పెట్టేవాళ్లు. ఒకరోజు చేపలమ్మే ఒకావిడ కడిగేసిందట, "ఆదోరమే కదమ్మా మా బేరం, ఆ రోజు తట్ట దించీసి మీ మీటింగుకొస్తే ఇంట్లో పొయ్యెలా ఎలుగుద్ది" అని. శనివారం జనం నీచు ముట్టరు కాబట్టి బేరం పల్చగా ఉంటుంది, శనివారానికి మార్చారు, అంతే, పాతికమంది వచ్చారు. అడిగితే గానీ తెలియని విషయం ఇది, ఏ పీపీటీలోనూ ఉండదు.

వచ్చినవాళ్లు మొదట "మాకేటి తెలుసమ్మా సదువులు, మీరేం సెప్తే అదే" అన్నారట. అక్క చదువు సంగతి వదిలేసి హార్బర్‌లో చేపల వేలంపాట గురించి, డైలీ ఫైనాన్స్ గురించి అడిగింది. అక్కడ మొదలైంది అసలు కథ. 10 వేలు అప్పంటే చేతిలో పెట్టేది 9 వేలే, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. అక్క దీన్నే తీసుకెళ్లి ఏడో క్లాసులో వడ్డీ లెక్కగా పెట్టింది, ఒక తల్లిని కూడా వెనక బెంచీలో కూర్చోబెట్టి. పిల్లలంతా 10 శాతం అని అరిచారు. ఒక పిల్ల మాత్రం లేచి "మొదటి రోజే 100 కట్టీసాం కదా టీచర్, ఆ 100 మన దగ్గర లేనప్పుడు దానికి వడ్డీ ఎందుకు కడతన్నాం" అంది. ఇక ఆ వారమంతా బోర్డు మీద అదే లెక్క, రోజురోజుకీ అప్పు తగ్గించుకుంటూ పోతే ఏడాదికి 70 శాతం పైనే తేలింది. వెనక కూర్చున్నావిడ అంతా విని "మరైతే నాకు పొద్దున్న నాలుగింటికి వేలంపాటకి బ్యాంకోడు డబ్బిత్తాడేటి" అని అడిగింది. దానికి మా అక్క దగ్గర జవాబు లేదు.

పుస్తకం మారలేదు, సిలబస్ మారలేదు, పాఠం మారింది. మా స్కూల్‌వాళ్లేమో "కరికులమ్ బోర్డుదండీ, మా చేతుల్లో ఏముంది" అంటారు. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి 10 రోజులు బ్యాగు లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోమని రాసుంది, మావాళ్లు ఆ పేరు చెప్పి ఒకరోజు షాపింగ్ మాల్‌కి తీసుకెళ్లారు, ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకొచ్చారు.

మావాడు పోయిన ఏడాది అమెజాన్ అడవి ప్రాజెక్ట్ చేశాడు, అంటే నేను చేశాను, రాత్రి పన్నెండింటి దాకా థర్మకోల్ కోసుకుంటూ. ఆ థర్మకోల్ తయారయ్యేది స్టైరీన్ నుంచి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో జనం రోడ్ల మీద పడిపోయింది ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన ఆ స్టైరీన్ ఆవిరికే. ఇదే ఊరు, మా ఇంటి నుంచి బండి మీద వెళ్లిపోవచ్చు. వాడి సైన్స్ క్లాసులో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. కుళాయిలో నీళ్లు ఎక్కడివిరా అంటే మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ అని తెలీదు గానీ అమెజాన్ ఉపనదులు మాత్రం గడగడా చెప్తాడు.

జనాన్ని అడిగి పాఠం తయారుచేయడం కొత్త ఆలోచన కూడా కాదు. మన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ముందు తను సవర నేర్చుకున్నారు, వాళ్ల దగ్గరే, ఆ తర్వాతే పుస్తకాలు రాశారు. కేరళవాళ్లు 2022లో కరికులమ్ మార్చేటప్పుడు జనంతో చర్చలు పెట్టారు, పిల్లల్ని కూడా క్లాసుల్లో కూర్చోబెట్టి మీకేం కావాలి అని అడిగారు. మా మీటింగ్‌కి పిల్లల్ని రానివ్వలేదు, వెల్కమ్ డాన్స్‌కి తప్ప.

ఇవాళ గ్రూపులో మళ్లీ మెసేజ్, "ఫీడ్‌బ్యాక్ ఫామ్ నింపని పేరెంట్స్ రేపు సాయంత్రం లోపు నింపగలరు" అని. నింపుదామని కూర్చున్నా, 'ఇతర సూచనలు' అన్న డబ్బాలో నాలుగు ముక్కలు రాసేసరికి ఇంక ఎక్కట్లేదు. స్టార్లు ఇవ్వకుండా వదిలేశాను. మా స్కూల్ పేరెంట్స్ ఎవరైనా ఇది చదివుంటే ఇన్‌బాక్స్‌లోకి రండి, ఆరేడుగురం అయినా చాలు, వచ్చే శనివారం వెళ్లి ఆ తాతగారి రెండు పీరియడ్ల సంగతి దగ్గర మొదలుపెడదాం. పెన్ను నేను తెస్తాను.