పురాణాల్లో ఉందిగా, ఇంకెందుకు?

మొన్న మన ప్రవాస తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో సాహిత్య వేదిక మీద జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. టెన్త్ గ్రేడ్ చదివే అమ్మాయి ఒకతె తనకు నచ్చిన సైన్స్ ఫిక్షన్ నవల గురించి తెలుగులో చెప్పడానికి లేచింది. కాగితం చూసుకుంటూ, ఒత్తుల దగ్గర తడబడుతూనే, అసలు ముడి దాకా వచ్చింది. అంతలో ముఖ్య అతిథిగారు మైకు అందుకుని, "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయమ్మా, ముందు అవి చదువుకో" అన్నారు. హాలంతా చప్పట్లు. పిల్ల కాగితం మడిచి దిగిపోయింది. టైము లేదన్నారు గానీ, డాన్సులు ఎలాగూ గంటన్నర లేటుగానే మొదలయ్యాయి.

పొద్దున పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో చెవులు రిక్కించి విన్నవాళ్ళమే. రేపటి మీద మనకు ఆసక్తి లేదని ఎవరనగలరు? 1991లో టైమ్ మెషీన్ సినిమా 'ఆదిత్య 369'కి ఈలలు వేసిన తరం కూడా మనదే.

ఆ అమ్మాయి చెప్పబోయింది జో హాల్డెమన్ 1974లో రాసిన 'ద ఫరెవర్ వార్'. వియత్నాంలో పోరాడి వచ్చిన మనిషి రాసిన నవల. అందులో సైనికులు ఎక్కడెక్కడి నక్షత్రాలకో వెళ్ళి యుద్ధం చేస్తారు. కాంతివేగానికి దగ్గరగా ప్రయాణించడంతో వాళ్ళకు నెలలు గడిస్తే భూమ్మీద ఏళ్ళు, పోనుపోను శతాబ్దాలు గడిచిపోతాయి. లెక్క ఐన్‌స్టీన్‌దే. హీరో మొదటిసారి ఇంటికొచ్చేసరికి తల్లి ముసలిదైపోయింది, లోకం తీరు అంతుపట్టదు. ఇమడలేక మళ్ళీ సైన్యంలోకే పోతాడు.

దీన్ని నేను ఇండియా వెళ్ళే ఫ్లైట్‌లో చదివాను. విజయవాడలో మా వీధిలోకి వెళ్తే, పచారీ కొట్టు ఉన్నచోట ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి "ఎవరు కావాలండీ?" అన్నాడు. అమ్మ మెట్లెక్కడం మానేసి చాలా కాలమైందట. వీడియో కాల్‌లో ఎప్పుడూ కూర్చునే కనబడుతుంది కదా, ఎలా తెలుస్తుంది? గోంగూర పచ్చడి వడ్డిస్తుంటే చెయ్యి వణికింది. రెండో వారానికల్లా నేను ఆఫీసు మెయిల్స్ తెరిచాను. తిరుగు ఫ్లైట్‌లో బెల్టు పెట్టుకున్నాక కాస్త హాయిగా కూడా అనిపించింది. ఆ సైనికుడు ఎందుకు వెనక్కి పోయాడో ఏ విమర్శకుడూ నాకు చెప్పనక్కర్లేదు.

అతిథిగారి మాటలో నిజం లేకపోలేదు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది, క్షణం ఆగుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వు అనుకున్న వరులే కాదు, వాళ్ళ మనవల పేర్లు కూడా ఇప్పుడు వినబడవు, 27 చతుర్యుగాలు గడిచాయి అంటాడు. దిగివస్తే తన నగరం ఖాళీగా ఉంది, తనవాళ్ళు తలో దిక్కుకూ చెదిరిపోయారు. ఇదే కథ విష్ణుపురాణంలో చూస్తే, ఆలోపు మనుషులే పొట్టివాళ్ళయిపోతారు. బలరాముడు నాగలితో రేవతి ఎత్తు తగ్గించి మరీ పెళ్ళాడతాడు! ఇంత కథనీ "చూశారా, మనవాళ్ళకు ముందే తెలుసు" అని ఒక్క ముక్కలో మూసేస్తాం. ఆ తండ్రి ఏం పోగొట్టుకున్నాడో మనకు పట్టదు, తలో దిక్కుకూ వచ్చిపడ్డ మనకే పట్టదు. కకుద్మికీ ఆ సైనికుడికీ చుట్టరికం ఉందని ఆ పిల్లకు చెప్పి ఉంటే రెండు పుస్తకాలూ బతికేవి.

నా ఇష్టం చెప్పాలంటే, ఇంజన్ వర్ణన పది పేజీలు సాగితే తిప్పేస్తాను. రచయితకు ఒక్క అబద్ధం అప్పిస్తాను, ఆ తర్వాత లెక్క తప్పకూడదు. ఆండీ వియర్ 'ద మార్షియన్'లో హీరోని అంగారకుడి మీద ఒంటరిని చేసే ఆ తుఫాను జరిగేపని కాదు. అక్కడి గాలి ఒత్తిడి మన భూమి మీది దాంట్లో ఒక శాతం కూడా ఉండదు. రచయితే ఒప్పుకున్న సంగతి ఇది. అక్కడినుంచి మాత్రం హీరో బతకడానికి పండించుకునే బంగాళాదుంపల్ని కేలరీలతో సహా లెక్కపెడతాడు. మన స్టూడెంట్ వీసా రోజుల్లో రూమ్‌లో బియ్యం బస్తా లెక్కలు ఇలాగే ఉండేవి.

పద్యాలు తగ్గించమని నేననను. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగాన్ని అవధానిగారు ఎలా తిప్పికొడతారా అని నేనూ ముందు వరసలోనే కూర్చుంటాను. కార్యవర్గం వారికి నా విన్నపం ఇంతే: దీపావళి సంచిక కథల పోటీలో పిల్లలకు సైన్స్ ఫిక్షన్ విభాగం పెట్టండి. తెలుగులో రాయలేనివాళ్ళను నోటితో చెప్పనివ్వండి, రాసిపెట్టడానికి నాలాంటివాళ్ళం ఉన్నాం. న్యాయనిర్ణేతలుగా మాత్రం ఇలాంటి నవల ఒక్కటైనా పూర్తిగా చదివినవాళ్ళను కూర్చోబెట్టండి. పెద్దవాళ్ళలో ఎవరూ దొరక్కపోతే కాలేజీకి వెళ్ళిన మన పిల్లల్నే పిలవండి.