నా కుడి చేతి బొటనవేలికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడి చేతి బొటనవేలికి,

ఉభయకుశలోపరి. ఒకే ఒంట్లో ఉంటూ ఉత్తరాలేమిటి అంటావేమో. నోటితో చెబితే నీకు వినిపించదు. ఉత్తరమైతే టైప్ చేయాల్సింది నువ్వే కాబట్టి ప్రతి అక్షరం నీ కింద నలగక తప్పదు.

ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్‌కు మారాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నేనూ బుద్ధిమంతుడిలాగే కాగితం తీసుకుని మధ్యలో గీత గీశాను. అటు లాభాలు, ఇటు నష్టాలు. తలను సంప్రదించాను, జేబును బతిమాలాను, కళ్లకు రంగులు చూపించాను. నిన్ను మాత్రం అడగలేదు. వేలిని అడిగి ఫోను కొనేవాడు ఎవడుంటాడు!

లాభాల్లో మొదట రాసింది అప్‌డేట్ల సంగతి. ఐఫోన్‌కు ఫోనూ సాఫ్ట్‌వేరూ ఒకే కంపెనీవి, యాపిల్‌వి. కొత్త వెర్షన్ వచ్చిందంటే అర్హత ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి అందుతుంది. ఆండ్రాయిడ్‌ది ఉమ్మడి కుటుంబం. గూగుల్ విడుదల చేశాక ఒక్కో తయారీదారు దానికి తన రంగులు పూసుకుని పంపేదాకా కాచుకుని కూర్చోవాలి. అయితే 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చాయి. దాంతో ఈ వాదన సగం నీరుగారిపోయింది. ఏడేళ్లు ఒకే ఫోను వాడే ఓర్పు నీకుందా అని నా కాగితం నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండో లాభం గోప్యత. యాప్‌లు ఇతర యాప్‌లలోనూ వెబ్‌సైట్లలోనూ మన జాడ తీయాలంటే 2021 నుంచి ఐఫోన్‌లో ముందుగా అనుమతి అడగాలి. వద్దు, వద్దు అని నొక్కే భాగ్యం నీకు దక్కుతుందని మురిసిపోయాను.

నష్టాల వైపు కూడా నిజాయితీగానే నింపాను. అక్కడ డబ్బు పెట్టి కొన్న యాప్‌లు ఇక్కడ మళ్లీ కొనాలి. గూగుల్ డ్రైవ్‌లో భద్రంగా దాచుకున్న వాట్సాప్ కబుర్లను ఐఫోన్ తెరవదు. వాటిని నేరుగా తరలించే అధికారిక మార్గం 2022లో గాని రాలేదు. అదీ కొత్త ఫోనులో వాట్సాప్ మొదలుపెట్టకముందే చూసుకోవాలి. ఛార్జర్ గురించి రాసిన వాక్యాన్ని కొట్టేశాను. ఐరోపా సమాఖ్య చట్టం పుణ్యమా అని 2023లో ఐఫోన్ 15 నుంచి యాపిల్ వాళ్లూ అందరూ వాడే యూఎస్‌బీ-సీ తీగలోకే దిగారు.

ఆఖర్లో భాషాభిమానం కొద్దీ ఒక పాత ముచ్చట కూడా రాసుకున్నాను. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఒక రూపంలో సందేశంగా వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. 11.2.6 వెర్షన్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం అందరికీ ఒంటపట్టదు మరి! ఇది లాభమో నష్టమో తేలక గీత మీదే రాశాను.

ఇంత లెక్క వేసి మారాను. మొదటి రోజే నువ్వు అడ్డం తిరిగావు.

నీ కష్టం నాకు అర్థం కాలేదని అనుకోకు. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పటి నుంచి నీకు ఒక రాజమార్గం ఉండేది. కుడి అంచు నుంచి కొంచెం లోపలికి లాగితే వెనక్కి వెళ్లిపోవడమే. ఎక్కడున్నా, ఏ యాప్‌లో ఉన్నా అదే దారి. ఐఫోన్‌లో వెనక్కి వెళ్లే దారి ఎడమ అంచున ఉంటుంది, లేదా పైన ఎడమ మూలన చిన్న బాణంగా ఉంటుంది. కొన్నిచోట్ల కిందికి లాగాలి, కొన్నిచోట్ల ‘పూర్తయింది’ అన్న మాటను వెతికి నొక్కాలి. 2007 నాటి మొదటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలే కాబట్టి ఆ మూల నీ పొరుగు వీధి. ఇప్పుడు పెద్దవి ఏడు అంగుళాలకు దగ్గరపడ్డాయి. కుడి చేతి బొటనవేలికి ఎడమ మూల పరదేశమే. ఇక్కడ నువ్వు యాత్రలు చేస్తుంటే అడుగున చిటికెనవేలు ఒక్కతే ఫోను బరువంతా మోస్తోంది. ఆమె ఏనాడైనా నోరెత్తిందా?

అయినా నువ్వు చేసింది చిన్న తప్పు కాదు. మెయిళ్ల జాబితాలోంచి వెనక్కి వద్దామని పాత అలవాటుగా కుడి నుంచి ఎడమకు బర్రున లాగావు. పాత ఊళ్లో ‘వెనక్కి రా’ అన్న సైగకు ఈ ఊళ్లో ‘అవతల పారెయ్’ అని అర్థం. మూడు రోజుల్లో పదకొండు ఉత్తరాలు చెత్తబుట్టకు చేరాయి. తప్పు ఫోనుది కాదు, నువ్వు చెప్పిందే అది చేసింది. ఒక్కొక్కటీ ఏరి బయటికి తీసింది కూడా నువ్వే అనుకో, పని కల్పించుకోవడంలో నీకు సాటి లేదు.

అసలు కోపం ఎక్కడుందో తర్వాత తెలిసింది. ఇన్నేళ్లూ తాళంచెవి నువ్వే. నీ ముద్ర పడనిదే తలుపు తెరుచుకునేది కాదు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ నుంచి మొహం చూపిస్తే చాలు. ముఖ్యమైన ఆ ఉద్యోగం ఊడిపోయిన సంగతి నీకు ఎవరూ చెప్పలేదు. తెర అడుగున ఉత్త గాజు మీద వారం రోజులు ముద్రలు వేస్తూనే ఉన్నావు. ఏకలవ్యుడు గురువు అడిగితే వేలినే కోసిచ్చాడు; నేను నిన్ను ఒక్క అంచు మార్చుకోమన్నందుకు ఇంత రాద్ధాంతమా అని ముందు తిట్టుకున్నాను. గాజు మీద ఆ మరకలు చూశాక కాస్త తగ్గాను.

2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ యాపిల్ మీద దావా వేసింది. జనం వేరే ఫోన్లకు మారడం కష్టమయ్యేలా ఆ సంస్థ అడ్డుగోడలు కడుతోందన్నది అందులో ఒక ఆరోపణ. అది కోర్టు తేల్చుకుంటుంది. నాకున్న ఫిర్యాదల్లా ఒకటే: ప్రతివాదుల జాబితాలో నీ పేరు లేదు. నన్ను సాక్షిగా పిలిస్తే, గోడల సంగతి నాకు తెలియదుగాని వాకిట్లో అడ్డంగా పడుకున్నది ఈ వేలేనని ప్రమాణం చేసి చెబుతాను.

ఇదంతా నెల కిందటి మాట. మొన్న ఏదో లెక్క చూడాల్సి వచ్చి సొరుగులోని పాత ఫోను బయటికి తీశాను. ఎత్తి మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. నవ్వాను. కళ్లజోడు తీసి మళ్లీ చూశాను. అది నన్ను గుర్తుపట్టలేదు. వెలుతురు చాలదేమోనని కిటికీ దగ్గరికి కూడా వెళ్లాను. అప్పుడు నువ్వు తీరిగ్గా కదిలి, ముద్ర వేసి, తలుపు తీశావు. తీయడానికి ఎంతసేపు తీసుకున్నావో నేను గమనించలేదనుకోకు.

ఇట్లు,
నీ వెంట తిరిగే మిగతా మనిషి

తా.క.: ఈ ఉత్తరం మొదటి ప్రతి రాత్రే పూర్తయింది. జాబితాలోంచి వెనక్కి వద్దామనుకున్నాం.