మా వీధి తలుపు మీది నోటీసు గారికి

పంచాయతీ నోటీసు గారికి నమస్కారాలు.

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మీరు క్షేమంగా ఉన్నారని పక్కింటి అత్తయ్యగారు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో చూశాను. అన్ని వానలు పడినా మీ మూల కూడా చిరగలేదు. ఆ మైదా జిగురు ఎవరు కాచారో గానీ, మా గోడ పెచ్చులు ఊడాయి గానీ మీరు ఊడలేదు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. అమ్మ మోకాలి ఆపరేషన్‌ కోసం మా దగ్గరికొచ్చి ఏడు నెలలైంది. అమలాపురం పక్క ఊళ్లో ఏడు నెలలు ఇల్లు వదిలేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి మా నేలకి ఊరుకోవడం తెలీదు. పెరట్లో వయ్యారిభామ నడుమెత్తు లేచింది. కొబ్బరిచిప్పల్లో నీళ్లు నిలిచి దోమలు పెరిగాయి. అత్తయ్యగారి మనవడికి డెంగీ వచ్చింది, ఆ పాపంలో మా చిప్పల వాటా ఎంతో నాకు తెలీదు. ఆ విషయంలో మీ మాటే రైటు. పెరడు శుభ్రం చేయడానికి పదిహేను రోజుల గడువిచ్చారు చూడండి, అక్కడే లెక్క తప్పింది. ఆ దోమకి గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజులు చాలండీ.

నా గొడవంతా మీ ఆఖరి వాక్యంతో. ‘ఇంటి యజమాని చాలాకాలంగా అందుబాటులో లేనందున ఈ నోటీసు తలుపునకు అంటించడమైనది.’ కింద తేదీ, రబ్బరు స్టాంపు. ఎవరు చదువుతారని అంటించారండీ? నేను ఊళ్లో లేనని మీరే రాశారు. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నా అంత చిన్న అక్షరాలు చదవలేరు. ఇక మిగిలింది అర్ధరాత్రి సెల్‌ఫోను లైటు వేసుకుని తీరిగ్గా చదువుకునేవాడే.

మేం ఇంట్లో లేమని తెలియకూడదని అమ్మ పడిన తంటాలు మీకేం తెలుసు! పాలు మాన్పించింది, పేపరు ఆపించింది. పోయిన మా నాన్నగారి చెప్పులు గుమ్మం పక్కన విడిచినట్టుగా పెట్టించింది. రోజూ కల్లాపి చల్లి రెండు గీతలైనా ముగ్గు వెయ్యమని అత్తయ్యగారి చేతులు పట్టుకుంది. పాపం ఆవిడ ఒక్క రోజు మానలేదు. వాకిట్లో పచ్చి ముగ్గు, గుమ్మం పక్కన మగవాడి చెప్పులు, వాటికి సరిగ్గా పైన మీరు!

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. మీరు నెల ముందే మొరిగారు. కాకపోతే వాణ్ణి రమ్మని.

వాడొచ్చి బోరు మోటారు విప్పుకుపోయాడు. అటక మీది ఇత్తడి గుండిగ కూడా పోయింది. అమ్మ మోటారు గురించి ఒక్క మాట అనలేదు గానీ గుండిగ కోసం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది ఆవిడ పుట్టింటిది.

ఫిర్యాదివ్వడానికి వెళ్తే స్టేషన్‌లో కుర్ర కానిస్టేబుల్ మంచిగానే మాట్లాడాడు. ‘వెళ్లేముందు ఒక్క మాట చెప్తే ఇంట్లో కెమెరా పెట్టేవాళ్లం కదండీ’ అన్నాడు. ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారట. తాళం వేసిన ఇంట్లో ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకి కబురు వెళ్తుంది, పైసా కట్టక్కర్లేదు. ఊరెళ్తున్నట్టు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని కూడా చెప్పాడు. పెట్టలేదు బాబూ, తలుపు మీద పెట్టారు అన్నాను.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఊళ్లోకి కొత్తగా బోలెడు ఉద్యోగాలొచ్చాయి. మా సచివాలయంలో పంచాయతీ కార్యదర్శి బల్ల, మహిళా పోలీసు బల్ల ఒకే గదిలో ఉన్నాయి. మధ్యలో నాలుగడుగులు. మీరు మొదటి బల్ల మీద పుట్టారు. ‘ఫలానా ఇంటికి తాళం ఉందమ్మా, ఓ కన్నేసి ఉంచు’ అని రెండో బల్లకి చెప్పడానికి కాగితం కూడా అక్కర్లేదు. మీరు మాత్రం ఆ నాలుగడుగులు దాటకుండా మూడు వీధులు దాటొచ్చి మా తలుపెక్కారు. మా వీధిలో ఇంటికో తాళం చొప్పున ఉంది, ఒకరు కువైట్, ఒకరు డల్లాస్. సంక్రాంతి మూడు రోజులూ తప్ప కార్లు కనపడవు. అన్ని తలుపుల మీదా మీ అన్నదమ్ములున్నారు.

ఒక్క మంచి కబురు. మోటారు దాకా దారి చేసుకోడానికి దొంగ వయ్యారిభామంతా కొట్టేశాడు. కొబ్బరిచిప్పలు కూడా పక్కకి తన్నాడేమో, బోర్లా పడున్నాయి. మీరు చెప్పిన పనంతా గడువు దాటాకైనా పూర్తయిందని కార్యదర్శి గారికి ఫోన్ చేసి మిమ్మల్ని తీయించమందామనుకున్నాను.

ఇంతలో నిన్న అత్తయ్యగారు ఇంకో ఫొటో పంపారు. మీ పక్కనే మీ తమ్ముడు, జిగురింకా ఆరలేదు. పెరట్లో కొట్టిన మొక్కలు పంచాయతీ డ్రెయిన్‌లో పడేసినందుకు జరిమానా ఎందుకు వేయకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. యజమాని అందుబాటులో లేనందున తలుపునకు అంటించడమైనది.

ఇట్లు,
అందుబాటులో లేని యజమాని