హాజరు పట్టీని అడ్డంగా చదవాలి

గోదావరి డెల్టాలో ప్రాథమిక పాఠశాలల హాజరు గురించి చర్చ వస్తే అది ఒక శాతం దగ్గర మొదలై ఆ శాతం దగ్గరే ఆగిపోతుంది. ఇవాళ ఎంతమంది వచ్చారు, మండలం సగటు ఎంత, పక్క మండలం కన్నా మనం ముందున్నామా వెనుకబడ్డామా అన్న మాటలే వినిపిస్తాయి. ఉదయం యాప్‌లో నమోదైన అంకె మధ్యాహ్నానికల్లా పై అధికారుల ముందుంటుంది. ఆ అంకె తప్పని అనను. అయితే అది హాజరు పట్టీని నిలువుగా కూడితే వచ్చే లెక్క. ఒక రోజున తరగతిలో ఎంతమంది ఉన్నారో చెబుతుంది తప్ప, ఒక పిల్ల ఏడాది పొడవునా బడికి ఎలా వచ్చిందో చెప్పదు. ఇరవై మంది ఉన్న తరగతిలో సగటు 90 శాతం అంటే ఇద్దరు పిల్లలు బడి ముఖమే చూడడం లేదని కావచ్చు, ఇరవై మందీ పది రోజులకొకసారి మానేస్తున్నారనీ కావచ్చు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. పట్టీలో ఒక్కొక్క పేరు పట్టుకుని తేదీల వెంట అడ్డంగా చూస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

2020లో మొదలైన అమ్మఒడి పథకంతో 75 శాతం అన్న అంకె ఇంటింటికీ తెలిసింది. డబ్బు రావాలంటే పిల్లలు అన్ని రోజులు బడికి రావాలన్న షరతు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ కనీస హద్దుగా పెట్టిన అంకె కాలక్రమంలో చాలినంత హాజరుగా స్థిరపడింది. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. 200లో 75 శాతం 150. అంటే 50 రోజులు మానేసిన పిల్లవాడు కూడా లెక్క ప్రకారం సక్రమంగా వచ్చినట్టే. ఐదేళ్లూ అలాగే సాగితే 250 రోజులు పోయాయి. ప్రాథమిక బడిలో ఒక ఏడాదికి పైగా చదువు లేకుండానే వాడు ఆరో తరగతిలో కూర్చుంటాడు. ఏ కాగితంలోనూ వాడు బడి మానేసినవాడు కాడు.

ఏడాది మధ్యలో పూర్తిగా బడి మానేసిన పిల్లలు కనబడతారు. వారి కోసం సర్వేలు చేస్తారు, ఇంటికి వెళ్లి పిలుచుకొస్తారు, వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టంలో 4వ సెక్షన్ కూడా ఉంది. వారానికో రోజు, పది రోజులకు రెండు రోజులు మానేసే పిల్లల కోసం మాత్రం అలాంటి ప్రత్యేక శిక్షణ ఏదీ లేదు. కాలువకు గండి పడితే ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తుతుంది, గట్టులో ఎలుక బొరియ వెంట నీరు జారిపోతుంటే ఎవరూ చూడరు. డెల్టాలోని బడుల్లో పోతున్న చదువులో ఎక్కువ భాగం ఇలా జారిపోతున్నదేనని నా నమ్మకం.

ఒకటి రెండు రోజులు పోతే ఏమవుతుందని పెద్దలు అనుకోవడానికి కారణం ఉంది. పై తరగతుల్లో ఒక పాఠం పోయినా మరో పాఠం విడిగా నేర్చుకోవచ్చు. ఒకటి, రెండు తరగతుల్లో అలా కుదరదు. గుణింతాలు వచ్చిన పిల్ల బస్సు మీద అమలాపురం, రాజోలు, రావులపాలెం అని చదివేస్తుంది. ముమ్మిడివరం, పాలకొల్లు, గన్నవరం దగ్గర ఆగిపోతుంది. ఒత్తులు నేర్పిన వారంలో ఆ పిల్ల జ్వరంతోనో పెళ్లికి వెళ్లో బడికి రాకపోతే, తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. అప్పటి నుంచి ప్రతి పాఠంలోనూ ఒత్తు ఉన్న ప్రతి మాట దగ్గరా ఆ పిల్ల ఊహించి చదువుతుంది. లెక్కల్లో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత కూడా అంతే. అది రాని పిల్లవాడికి భాగహారం రాదు, భాగహారం రానివాడికి భిన్నాలు రావు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని, కూడికలు తీసివేతలు చేయాలని 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యంగా పెట్టుకుంది. సామగ్రి వచ్చింది, ఉపాధ్యాయులకు శిక్షణ జరిగింది. ఆ సామగ్రి బల్ల మీద పరిచిన రోజున పిల్ల ఎదురుగా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పిల్లలు ఎప్పుడు రావడం లేదు? డెల్టాలో దీనికి జవాబు నీళ్లూ పంటా పండుగా చెబుతాయి. జూన్ 12న బడులు తెరుస్తారు. పుస్తకాలు, సంచులు పంచి, పేర్లు సరిచేసి, తరగతి గాడిలో పడేసరికి జూలై వస్తుంది. అప్పుడే గోదావరి ఎరుపెక్కుతుంది. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు దగ్గర వేసిన తాత్కాలిక బాట ఏటా వరదకు కొట్టుకుపోతుంది, కనకాయలంక కాజ్‌వే నీట మునుగుతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక వెలువడేలోపే నది మధ్యనున్న పల్లపు లంకల్లో రాకపోకలు పడవల మీదికి మారిపోతాయి. ఏడేళ్ల పిల్లను నాటు పడవ ఎక్కించి బడికి పంపని తల్లిని నేను తప్పు పట్టలేను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బడి భవనాలే పునరావాస కేంద్రాలయ్యాయి. నీరు తీసి, బురద కడిగి, మళ్లీ గంట కొట్టేసరికి ఏడాదిలో నేర్చుకోవడానికి అనువైన తొలి వారాలు కరిగిపోయాయి.

వరద తగ్గాక జ్వరాల కాలం. కార్తీక, మార్గశిరాల్లో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, సంక్రాంతి ముందూ వెనుకా దాళ్వా (రబీ వరి) ఊడ్పులు. కూలికి వెళ్లే తల్లి ఇంట్లో లేని రోజుల్లో పెద్ద పిల్ల బడి మానేస్తుంది. సంక్రాంతి సెలవులు కాగితం మీద ముగిసిన రోజున పిల్లలు వచ్చేస్తారని డెల్టాలో ఎవరూ అనుకోరు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడటానికి అమ్మమ్మ ఇంటికి వచ్చిన పిల్ల తిరిగి తన ఊరు చేరడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది. తర్వాత మాఘ మాసం పెళ్లిళ్లు, అంతర్వేది తీర్థం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేరంగా చూడక్కర్లేదు. ఊరి బతుకు ఇలాగే ఉంటుంది. కానీ ఒక పిల్ల పేరు ఎదుట ఇవన్నీ వరుసగా పడితే 50 రోజులు ఎక్కడికి పోయాయో తెలిసిపోతుంది.

దూరం సంగతీ చెప్పుకోవాలి. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలన్నది చట్టం ప్రకారం వచ్చిన నియమం. పటం మీద కొలిచే కిలోమీటరు వేరు, కాలువల మధ్య నడిచే కిలోమీటరు వేరు. అవతలి గట్టు మీద బడి కళ్ల ముందే కనబడుతుంది, వంతెన మాత్రం ఊరి చివర ఉంటుంది. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు ఈ సంగతి లెక్కలోకి రాలేదు. ఎనిమిదేళ్ల పిల్లలు లారీలు తిరిగే రోడ్డు పక్కన, పిట్టగోడ లేని కాలువ గట్టు మీద నడవాల్సి వచ్చిన ఊళ్లలో వాన పడిన రోజున ఎవరు వస్తారు? ఆ జీవోను తరువాత వెనక్కి తీసుకున్నారు, మంచిదే. ఇకపై బడుల సర్దుబాటు చేసే ముందు ఆ దారి వెంట ఒక వానాకాలపు ఉదయం నడిచి చూడమని అడుగుతున్నాను.

ఆడపిల్లల హాజరు గురించి విడిగా రాయాలి. కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల కోసం 1874లో ధవళేశ్వరంలో బడి పెట్టారు. ఈ నేల మీద ఆడపిల్లను బడికి పంపాలా వద్దా అన్న వాదన ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు చేర్పించని ఇల్లు దాదాపు లేదు. కానీ చేరిన పిల్ల రోజూ వస్తుందా అన్నది వేరు. నాలుగో తరగతి పిల్ల హాజరు ఆ వీధి అంగన్‌వాడీ ఎన్ని గంటలకు తెరుస్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. తల్లి తెల్లవారకముందే కోతకు వెళితే తమ్ముడిని చూసుకునేది ఆ పిల్లే. కోతల కాలంలో అంగన్‌వాడీ పొద్దున్నే తెరిస్తే, తమ్ముడిని అక్కడ దించి ఆ పిల్ల బడికి వెళుతుంది. స్త్రీ శిశు సంక్షేమ శాఖ, విద్యాశాఖ కలిసి కూర్చుని తేల్చాల్సిన చిన్న విషయమిది. ఇంతవరకు పట్టించుకోకపోవడం బాధ కలిగిస్తుంది.

కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి ఎంతోమంది తల్లులు ఇంటిపనికి కువైట్‌కో మస్కట్‌కో వెళ్లారు. పిల్లలు అమ్మమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర పెరుగుతున్నారు. బడిలో రాయించిన ఫోను నంబరు ఎడారి దేశంలో ఉన్న తల్లిదైతే ‘మీ బిడ్డ నేడు రాలేదు’ అన్న సందేశం అక్కడే మోగుతుంది. ఆమె కుమిలిపోవడం తప్ప ఏం చేయగలదు? ఇలాంటి ఇళ్లకు ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినో వెళ్లి అమ్మమ్మతో నాలుగు మాటలు మాట్లాడితే కలిగే ఫలితం ఏ సందేశానికీ రాదు. రొయ్యల చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉండే కుటుంబాల పిల్లలు, ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. వలస పిల్లలను బడిలో చేర్చుకోవడం స్థానిక సంస్థల బాధ్యత అని విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

ఇక బడి వైపు చూద్దాం. పిల్ల మానేయడానికి కారణాలు ఇన్ని ఉన్నప్పుడు, రావడానికి బలమైన కారణం బడిలో ఉండాలి. అన్నం ఒక కారణం. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ పేరును మధ్యాహ్న భోజన పథకానికి పెట్టడం ఈ ప్రాంతానికి గర్వకారణం. వేడి అన్నం, గుడ్డు పిల్లలను బడికి రప్పిస్తాయి, అందులో సందేహం లేదు. అయితే అన్నం తిన్నాక కూడా ‘రేపు నేను తప్పకుండా రావాలి’ అనిపించేది తనకంటూ ఒక పని ఉన్నప్పుడే.

పిల్లల కార్యక్రమాలు అనగానే మనకు జెండా పండుగకు నలుగురు చురుకైన పిల్లలతో నెల రోజులు చేయించే డ్యాన్స్ గుర్తుకొస్తుంది. మిగతావారు గోడ పక్కన కూర్చుని చూస్తుంటారు. ఫొటోలు బాగుంటాయి, హాజరు పెరగదు. నేను చెప్పేది రోజువారీ పనుల గురించి. ఆరుబయట పెట్టిన సీసాలో నిన్న ఎంత వాన పడిందో కొలిచి గోడ మీద రాసే పని మూడో తరగతి పిల్లది. ధవళేశ్వరం నీటిమట్టం పేపర్లో చూసి ప్రార్థన సమయంలో చదివే పని ఐదో తరగతి వాడిది. లక్షలు, స్థాన విలువలు నేర్పడానికి క్యూసెక్కుల కన్నా మంచి లెక్క డెల్టా పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? బడితోటలో తోటకూర మడికి నీళ్లు పోసేవాళ్లు, గ్రంథాలయం పెట్టెలోంచి కథల పుస్తకాలు ఇచ్చి పేరు రాసుకునే పిల్ల, శనివారం బాలసభలో అమ్మమ్మ చెప్పిన కథను చెప్పే పిల్లవాడు ఉండాలి. తమ వంతు ఉన్న రోజున పిల్లలు వస్తారు. రాకపోతే ఆ పని ఆగిపోతుంది, తోటివాళ్లే ఇంటికి వెళ్లి పిలుస్తారు. ఈ వంతులు వెనుక బెంచీ పిల్లలకు ముందు దక్కాలి, ఎక్కువగా మానేసే పిల్లలకు ఇంకా ముందు.

పూర్తి హాజరుకు బహుమతి ఇచ్చే ఆచారం నాకు నచ్చదు. జ్వరంతో ఉన్న పిల్లను బహుమతి కోసం బడికి పంపితే తరగతంతా జ్వరపడుతుంది. దానికన్నా ముఖ్యం, తిరిగి వచ్చిన పిల్లను మనం ఎలా పలకరిస్తున్నామన్నది. గుమ్మంలో నిలబెట్టి అందరి ముందూ ‘ఎందుకు రాలేదు?’ అని గద్దిస్తే ఆ పిల్ల మరునాడు కూడా మానేయడానికి సాకు వెతుకుతుంది. పోయిన పాఠం ఏమిటో చూసి, అరగంట పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చూసే బడిలో ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. యాప్‌ల నమోదు, శిక్షణ తరగతులు, సర్వేలు ఆయన సమయాన్ని తినేస్తున్నంత కాలం రాదు. ఆయన సెలవు పెట్టిన రోజున బడికి మరొకరిని పంపకపోతే పిల్లల హాజరు గురించి మాట్లాడే హక్కు శాఖకు ఉండదు.

విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్‌లో మరో మాట ఉంది. విద్యాసంవత్సర క్యాలెండర్ నిర్ణయించడం కూడా స్థానిక సంస్థల విధుల్లో ఒకటి. శ్రీకాకుళం కొండ ఊరికీ అనంతపురం మెట్ట ఊరికీ గోదావరి లంకకూ ఒకే క్యాలెండర్ ఎందుకు? లంక మండలాల్లో వరద వారాలను ముందే సెలవులుగా ప్రకటించి, ఆ రోజులను దసరా సెలవుల్లోనో ఏప్రిల్ చివరిలోనో భర్తీ చేయవచ్చు. రెండో శనివారాల్లో హడావిడిగా పూడ్చే పద్ధతి కన్నా అది మేలు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలని చట్టమే చెప్పింది కాబట్టి ఏ వారంలో పడవ నడవదో, ఏ వారంలో కోత మొదలవుతుందో వారికన్నా బాగా ఎవరికీ తెలియదు. వచ్చే ఏప్రిల్‌లో జరిగే కమిటీ సమావేశంలో ప్రతి ప్రధానోపాధ్యాయుడూ ఈ ఏడాది హాజరు పట్టీని బల్ల మీద పెట్టాలి. ముప్పై రోజులకు మించి మానేసిన ప్రతి పేరు ఎదుట ఏ నెలల్లో ఎందుకు మానేశారో రాసి, ఆ కాగితాన్ని పంచాయతీ తీర్మానంతో కలిపి మే నెల ముగిసేలోగా మండల విద్యాశాఖాధికారికి పంపాలి. జూన్ 12 తరువాత పంపితే ఆ ఏడాది క్యాలెండర్‌ను మార్చడానికి వీలుండదు.